చోటు చెప్పలేని ఆజ్ఞ

మణిగిరి రాజ్యాన్ని ఒకప్పుడు రణధవళుడనే రాజు పాలించేవాడు. పరాక్రమవంతుడే గాని, తనకు తెలియని శాస్త్రం లేదన్న గర్వం ఆయనకు మెండు.

ఒకనాడు నిండుసభలో ఆయన, చోటు అనేది పెద్ద పాత్ర వంటిదనీ, అందులోని వస్తువులన్నీ తీసేసినా పాత్ర అలాగే మిగులుతుందనీ సెలవిచ్చాడు. పండితులు తలలూపారు. వృద్ధుడైన నాగనార్యుడు మాత్రం ఒప్పుకోలేదు. వస్తువులు ఒకదానికొకటి ఎలా అమరి ఉన్నాయో ఆ అమరికకే చోటని పేరనీ, వస్తువులే లేకపోతే ఇక్కడ, అక్కడ అన్న మాటలకు అర్థమే ఉండదనీ అన్నాడు.

రాజు ముఖం ఎర్రబడింది. తనను కాదన్న ఆ వృద్ధుణ్ణి దేశం నుంచి వెళ్లగొట్టమన్నాడు. నాగనార్యుడికి చూపు సరిగా ఆనదు. అడవుల పాలైతే ప్రాణాలతో మిగలడని అందరికీ తెలుసు. భటులు వచ్చి ఆయన భుజాలు పట్టుకున్నారు.

అప్పుడు బొల్లన ముందుకు వచ్చాడు. ఆస్థానంలో చమత్కారిగా పేరున్నవాడు, నాగనార్యుడి దగ్గరే అక్షరాలు దిద్దినవాడు. ఆ రోజు అతని ముఖాన నవ్వు లేదు.

"మహాప్రభూ, ఈయన్ని ఎక్కడ దింపిరావాలో భటులకు సెలవియ్యండి. ఒక్కటే మనవి. వస్తువులు లేకున్నా చోటు ఉంటుందని ఏలినవారే అన్నారు గనుక, ఏ వస్తువు పేరూ ఎత్తకుండా ఆ చోటు చెప్పాలి."

"అదెంత పని? నల్లకొండ అవతల" అన్నాడు రాజు.

"కొండ వస్తువే కదా, ప్రభూ."

రాజు ఏటికి ఆవలి ఒడ్డన్నాడు. ఏరూ వస్తువేనన్నాడు బొల్లన. తూర్పు దిక్కున అంటే, అది సూర్యుణ్ణి బట్టి వచ్చిన మాటన్నాడు. చివరికి రాజు విసుగ్గా, ఇక్కడి నుంచి దూరంగా దింపమన్నాడు.

"ఇక్కడ అంటే ఎక్కడ, ప్రభూ? ఈ సింహాసనం దగ్గరేగా?"

రాజు నోరు తెరవబోయిన ప్రతిసారీ ఏదో ఒక వస్తువే నాలుక మీదికి వచ్చింది. చివరకు చేయి ఊపి, భటులను తప్పుకోమన్నాడు.

నాగనార్యుడు మెల్లగా అన్నాడు. "బొల్లనా, నా ప్రాణం నిలబెట్టావు గాని నా వాదం నిలబెట్టలేదు. చోటు చెప్పలేకపోవడం వేరు, చోటు లేకపోవడం వేరు. ప్రభువుల మాటే నిజమేమో. నాకూ రూఢిగా తెలియదు."

ప్రాణం దక్కిన మరుక్షణమే గెలిచిన వాదాన్ని వదులుకున్న మనిషిని రాజు కన్నార్పకుండా చూశాడు. తర్వాత తనలో తానే నవ్వుకున్నాడు. బొల్లన చేతికి తన కంకణం తొడిగి, సింహాసనం దిగి వృద్ధుడి ముందు నిలిచాడు.

"నాకూ తెలియదు, గురువుగారూ" అన్నాడు.