పదమూడో నెల చెట్టు

బుర్రలవలసలో అప్పలకొండ, సన్నాసి అని ఇద్దరన్నదమ్ములుండేవారు. ఊరి పేరులోనే బుర్ర ఉంది కదా, ఆ ఊరి వాటాకి రావలసిన బుర్రంతా తమ ఇంట్లోనే దిగిందని వాళ్ళ నమ్మకం. ఆ తెలివికి దిష్టి తగులుతుందని గుమ్మానికి గుమ్మడికాయ కట్టుకున్నారు. నిద్దట్లో కారిపోతుందేమోనని చెవుల్లో దూది కుక్కుకుని పడుకునేవారు. అప్పలకొండ పెళ్ళాం నూకాలు మరీ తెలివైనది. దూది చాలదని మైనం పెట్టుకునేది.

అప్పలకొండ మహా పొడగరి. ఎంత పొడుగంటే, వాన ముందు అతని మీద కురిసి, మర్నాడు మిగతా ఊరి మీద కురిసేది. సన్నాసి పొట్టి. వంకాయ మొక్క నీడలో కాళ్ళు చాపుకుని పడుకుంటే పాదం కూడా బయటికొచ్చేది కాదు.

వాళ్ళకి తిండి పెట్టేది వాళ్ళ మేనత్త గౌరమ్మ తోట. కూరా అందులోదే, పులుసూ అందులోదే, పొయ్యిలో పుల్లా అందులోదే. ఓ ఏడు ఏరువాక పున్నమి వెళ్ళగానే గౌరమ్మ తీర్థయాత్రలకి మూట కట్టింది. ముగ్గుర్నీ వరసగా నిలబెట్టింది.

"ఒరే, నెలకో చెట్టుంది. ఆషాఢం మునగది, కార్తీకం ఉసిరిది, మాఘం చింతది, ఫాల్గుణం మోదుగది, జ్యేష్ఠం నేరేడుది. తోటలో పన్నెండు నెలలకీ పన్నెండు చెట్లున్నాయి. ఏ నెల చెట్టుని ఆ నెల కనిపెట్టుకుని ఉండండి. ఆషాఢంలో మునగాకు వండుకోండి. కానీ ఒకళ్ళనొకళ్ళు పొగుడుకుని మునగచెట్టెక్కారో, నడుం విరుగుతుంది! కార్తీకంలో ఉసిరిచెట్టు కింద భోంచెయ్యండి. మాఘంలో మాకులు కూడా వణుకుతాయి, జాగ్రత్త."

"మాకులంటే ఏటత్తా?" అన్నాడు సన్నాసి.

"మానులురా, చెట్లు! మళ్ళీ ఏరువాక పున్నమికి వస్తాను. తోట పచ్చగా ఉందా, తోట మీదే. ఏ నెలకైనా చెట్టు లేదన్నారా, ఒక్కటంటే ఒక్క చెట్టు తగ్గిందా, తోట రంపం మిల్లుకి పోతుంది, మీరు కూలికి పోతారు."

"మా చేతికిచ్చావుగా, నిశ్చింతగా వెళ్ళత్తా" అన్నాడు అప్పలకొండ. ఆ మాట విని చెట్లన్నీ ఒక్కసారి ఊగాయి. గాలి లేదు మరి, ఎందుకు ఊగాయో మీరే ఆలోచించుకోండి.

ఆషాఢం వచ్చింది. మునగాకు కొయ్యాలి.

"పొగిడితే కదా నడుం విరుగుతుందంది? తిడుతూ ఎక్కిద్దాం" అన్నాడు సన్నాసి.

అంతే. అప్పలకొండ చెట్టు మొదలు పట్టుకున్నాడు. కింద నుంచి నూకాలు అందుకుంది. "ఎక్కవయ్యా దరిద్రుడా! నీ మొహానికి చెట్టొకటా? బుడమకాయలాంటి బుర్రా నువ్వూనూ!"

"ఇంకొంచెం తిట్టవే, పైకొమ్మ అందట్లేదు!"

"మా అయ్య కళ్ళు పోయి నిన్ను తెచ్చాడు!" అంది నూకాలు. ఆ తిట్టుకి అప్పలకొండ చిటారుకొమ్మకి చేరాడు. మునగకొమ్మ సంగతి తెలిసిందే, కాకి గట్టిగా అరిస్తే విరుగుతుంది. ఫెళ్ళుమంది. కొమ్మా, మానూ, అప్పలకొండా కలిసి కిందికొచ్చారు. చెట్టు మోకాలెత్తు మోడై మిగిలింది.

"ఎంత బాగా పడ్డావు మావా! దెబ్బయినా తగల్లేదు!" అని చప్పట్లు కొట్టింది నూకాలు.

"అదిగో, పొగిడేశావు! అందుకే పడ్డాను" అని ఏడ్చాడు అప్పలకొండ.

కార్తీకం వచ్చింది. ఉసిరిచెట్టు నీడలో విస్తళ్ళు వేసింది నూకాలు. సన్నాసి కూర్చోలేదు. చెట్టు చుట్టూ తిరిగి వేలు పెట్టి చూపించాడు.

"వదినా, ఇది కొమ్మల కింద. ఇది ఆకుల కింద. అత్త చెట్టు కింద అంది. చెట్టెక్కడుంది? నేల మీదుంది. దాని కింద ఏటుంది?"

"మట్టుంది."

"మరి భోజనం ఎక్కడ చెయ్యాలి?"

ఇంకేముంది, పలుగూ పారా వచ్చాయి. చెట్టు చుట్టూ పాత గట్టి మట్టంతా తవ్వి పోశారు. ఒక పక్కనుంచి కిందికి సొరంగం చేసుకుని ముగ్గురూ పాక్కుంటూ దూరి, తల వంచుకుని పులిహోర తిన్నారు. మట్టి ముద్దలు రాలితే వడియాలనుకుని నంజుకున్నారు. అప్పలకొండ మజ్జిగలోకి ఓ వేరు వేలాడింది.

"ఓలమ్మ! ఇదేటి?" అంది నూకాలు.

"చెట్టు వేళ్ళు వదినా."

"చెట్టుకీ వేళ్ళే, మనకీ వేళ్ళే! అయితే మనం మనం ఒకటే!" అని ముచ్చటపడి, తన కాలి మట్టె తీసి ఓ సన్నటి వేరుకి తొడిగింది.

"ఉసిరి మగాడు వదినా, ద్వాదశినాడు తులసమ్మతో పెళ్ళి చెయ్యమూ? మట్టెలెందుకు?"

"మగాడైతే మాత్రం చలికాలంలో వేలికేదో ఒకటి ఉండాలి కదా!" అంది. చెట్టు కిర్రుమంటూ ఓ జానెడు కిందికి దిగింది. ముగ్గురూ బయటపడి, దిగిన చెట్టు మళ్ళీ లేచి నిలబడాలని పెంటకుప్పంతా తెచ్చి ఆ గోతిలో పోశారు.

మాఘం వచ్చింది. తెల్లారేసరికి గాలికి చింతకొమ్మలు ఊగుతున్నాయి.

"వణుకుతోంది! అత్త చెప్పినట్టే వణుకుతోంది!" అంటూ అప్పలకొండ ఇంట్లోకి పరిగెత్తాడు. దుప్పట్లు, గోనెలు, పంచెలు, పెట్టెలో దాచిన అత్త పట్టుచీరలు, అన్నీ చింతచెట్టుకి చుట్టారు. ఒంటి మీద గుడ్డ చాలక ముగ్గురూ ఒకే తువ్వాలు కప్పుకుని కూర్చున్నారు. వాళ్ళ పళ్ళు ఎంత గట్టిగా కొట్టుకున్నాయంటే, పొరుగూరివాళ్ళు భజన అనుకుని తాళాలు పట్టుకొచ్చారు.

చెట్టు ఇంకా ఊగుతూనే ఉంది. "లోపల చలి దాగుంది వదినా. కుంపటి పెట్టాలి" అన్నాడు సన్నాసి. పెట్టాడు. అంతే, ముందు గోనె అంటుకుంది, తర్వాత దుప్పటి, తర్వాత పట్టుచీర. చింతచెట్టు పాతాకంతా మాడి రాలిపోయింది. ఊరంతా బిందెలతో వచ్చి ఆర్పి, వీళ్ళని తిట్టిన తిట్లకి అప్పలకొండ ఆకాశం దాకా మునగచెట్టెక్కి ఉండేవాడే, మునగచెట్టు లేదు కాబట్టి సరిపోయింది.

"ఇక మంటంటే కళ్ళు తెరుచుకుని ఉండాలి" అని ముగ్గురూ ఒట్టు పెట్టుకున్నారు.

ఆ ఒట్టే కొంప ముంచింది. ఫాల్గుణంలో మోదుగచెట్టు ఆకంతా రాల్చేసి మొదలు నుంచి చివరి దాకా ఎర్రగా పూసింది. నూకాలు చూసి బిందె కింద పడేసింది.

"మంట! మంట! చెట్టంతా మంట!"

నీళ్ళు కొట్టారు. మంట ఆరలేదు. బురద విసిరారు. ఆరలేదు. ఆవుల్ని తోలుకెళ్తున్న కూర్మయ్య ఆగి, "ఓరి నాయనా, అవి పువ్వులురా!" అన్నాడు.

"పువ్వులైతే వాసనేదీ?" అన్నాడు సన్నాసి.

"మోదుగపువ్వుకి వాసనుండదురా."

"వాసన లేదు, ఎర్రగా ఉంది. అది మంట కాక మరేటి?" అని కర్ర తీసుకుని పువ్వుల్ని ఒక్కటి మిగలకుండా రాలగొట్టాడు. అప్పలకొండ కింద పడ్డవాటిని కాళ్ళతో తొక్కాడు. కాళ్ళు ఎర్రబడ్డాయి. "కాలిపోయాయే!" అని లబలబలాడితే నూకాలు వెన్న రాసింది. చైత్రంలో వేపచెట్టుకి చేదు పోవాలని బెల్లంపానకం పోసి ఊళ్ళో చీమలన్నిట్నీ పిలిచిన సంగతి చెప్పడం మొదలెడితే నా పొయ్యి మీద పప్పు మాడిపోతుంది.

ఎలాగో వైశాఖం దాటింది. "ఇంకొక్క నెల. నేరేడు నెల గడిస్తే తోట మనదే" అని లెక్కేసుకుంటూ ఉండగా పురోహితుడు అవధాని ఎదురయ్యాడు.

"ఈ ఏడు అధికమాసం వచ్చిందర్రా. ముందు అధిక జ్యేష్ఠం, ఆ తర్వాత నిజ జ్యేష్ఠం. ఏరువాక నిజంలోనే."

సన్నాసి వేళ్ళు మడిచి లెక్కేశాడు. "అంటే పదమూడు నెలలా పంతులుగారూ? పదమూడో నెలకి చెట్టేదీ?"

"చెట్టేవిఁటి, చెట్టు?" అని ఆయన వెళ్ళిపోయాడు.

ముగ్గురూ గడపలో కూలబడ్డారు. నెలకి చెట్టు లేకపోతే తోట లేదు. తోట లేకపోతే కూర లేదు, పులుసు లేదు. నేరేడుని ఈ నెలకి వాడేస్తే, వచ్చే నెల ఖాళీ. నూకాలు ముక్కు చీదింది. సన్నాసి చెవిలో దూది తీసి, కాస్త తెలివి బయటికి పోనిచ్చి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"వదినా! రెండోది నిజ జ్యేష్ఠం అన్నాడు కదా? మరి మొదటిది?"

"అబద్ధం జ్యేష్ఠం!"

"అబద్ధం నెలకి నిజం చెట్టెందుకు? అబద్ధం చెట్టు చాలు!"

నూకాలు మొగుణ్ణి కింద నుంచి పైదాకా చూసింది. మెడ నొప్పెట్టే దాకా చూసింది. "మావా, మీ అమ్మ నిన్నేటనేది?"

"చెట్టంత కొడుకనేది" అన్నాడు అప్పలకొండ. అని, తనే గతుక్కుమన్నాడు.

ఇంకేముంది! నేరేడు పక్కన గొయ్యి తవ్వారు. అప్పలకొండని మోకాళ్ళ దాకా పాతారు. చెవుల వెనక మామిడి రెమ్మలు, నెత్తిన అరిటాకు. అసలే రోళ్ళు పగిలే ఎండలు. నూకాలు పొద్దునో బిందె, సాయంత్రం ఓ బిందె పోసేది. అన్నం అడిగితే, "చెట్లు అడుగుతాయా మావా? ఎరువంటారు దాన్ని" అని పెరుగన్నం నోట్లో పెట్టేది. ఓ కాకి అతని నెత్తిన గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలకి పెళ్ళిళ్ళు కూడా చేసింది.

నిజ జ్యేష్ఠం వచ్చినా అతన్ని పీకలేదు. చెట్టు తగ్గకూడదు కదా! ఏరువాక పున్నమినాడు గౌరమ్మ బండి దిగింది.

తోట గేటు తీసి నోరు తెరిచింది. విరిగిన మునగ గుబురుగా చిగిర్చి గొడుగులా ఉంది. పెంటపోగుతో ఉసిరి ఇంతంత రెమ్మలేసింది. మాడిన చింత లేతచిగురుతో మెరుస్తోంది. పాపం, చెట్లకి తెలివుంది, ఎలాగో బతికేశాయి. గౌరమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుని, "మీరేరా నా వారసులు! తోట మీదేరా!" అంది. అంటూనే నేరేడు పక్కన చూసింది.

"ఈ చెట్టేటిరా?"

"నేనేనత్తా" అంది చెట్టు.

గౌరమ్మకి సంగతంతా చెప్పారు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చిందో నవ్విందో తెలీదు. "లేవరా వెధవా! పైకి రా!"

"రానత్తా. ఒక్క చెట్టు తగ్గినా తోట పోతుందన్నావు. నాకు పది వేళ్ళున్నాయి, లోపల బాగా పాతుకున్నాయి."

"కాయా పువ్వా, కాయని చెట్టెందుకురా నా తోటలో?"

"ఎందుకు కాయడం లేదు?" అని నూకాలు నడుం మీద చెయ్యి పెట్టింది. "పగలనకా రాత్రనకా తోటంతా కాస్తున్నాడు!"

గౌరమ్మ వీళ్ళ దారిలోనే రావాలనుకుంది. "సరేనర్రా. చెట్టుని పీకొద్దు. వేళ్ళు తెగకుండా తవ్వి, ఇంటి పెరట్లోకి మార్చండి. మార్చితే తగ్గినట్టు కాదు కదా?"

ముగ్గురూ ఆలోచించారు. న్యాయంగానే ఉంది. మట్టిబెడ్డతో సహా అప్పలకొండని పెకలించి, కొమ్మలు తగలకుండా పడుకోబెట్టి మోసుకెళ్ళి, పెరట్లో మంచం మీద నాటారు. గౌరమ్మ హమ్మయ్య అనుకుని వెనక్కి తిరిగింది కదా, సన్నాసి లేడు.

తోటలోకి పరిగెత్తింది. ఆ గోతిలోనే సన్నాసి మెడ దాకా దిగి నిలబడ్డాడు. నూకాలు చుట్టూ మట్టి కప్పుతోంది.

"నువ్వెందుకురా దిగావు?"

"మూడేళ్ళకోసారి అధికమాసం వస్తుందటత్తా! అప్పటికి చెట్టు కావాలి కదా? నేను పొట్టివాణ్ణి. ఇప్పుడు నాటితే గానీ అప్పటికి ఎదగను."

గౌరమ్మ గట్టు మీద చతికిలపడి, రెండు చేతులా తల పట్టుకుంది.

"ఓరి దేవుడా! మీతో వేగలేక నా బుర్ర మండిపోతోందిరా!"

మంట అన్న మాట చెవిన పడిందా, అంతే. నూకాలు సన్నాసికి పొయ్యడానికి తెచ్చిన నిండు బిందె ఎత్తి అత్త నెత్తిన కుమ్మరించింది. ఆరిందో లేదో అని మోదుగపువ్వులు రాలగొట్టిన కర్ర కోసం కూడా పరిగెత్తింది. ఆ దెబ్బకి గౌరమ్మ మళ్ళీ కాశీబండి ఎక్కేసింది. తోట ఇప్పటికీ వాళ్ళదే. కావలిస్తే వెళ్ళి చూడండి, మెడ దాకా పాతిన చెట్టొకటి మిమ్మల్ని మంచినీళ్ళడుగుతుంది.