పిచ్చుక పిల్లకు అన్నప్రాసన

అనగనగా ఒక పట్నం. పల్లెటూరు కాదర్రా, పెద్ద పట్నమే. ఒక కొసన రాజుగారి కోట, ఇంకో కొసన ధాన్యం బజారు, మధ్యలో వీధులకు వీధులు పెంకుటిళ్ళు. ఆ పెంకుటిళ్ళలో ఒకదాంట్లో సూరాంబ అని ఒక కోడలు, పేరిందేవమ్మ అని ఆవిడ అత్తగారు. సూరాంబ మొగుడు ధాన్యం బజార్లో కుంచంతో వడ్లు కొలిచేవాడు. మంచివాడే, కాస్త వెర్రిబాగులవాడు. పేరిందేవమ్మకి చూపు పోయింది. చూపైతే పోయింది కానీ నోరు పోలేదు. ఊ కొడుతున్నారా? ఒరేయ్ పండూ, దుప్పటి అంతా నీవైపే లాక్కోకు, చెల్లికి కూడా ఉండనీ.

ఆ ఇంటినిండా పిచ్చుకలు. వాసాల సందుల్లో పిచ్చుకలు, గోడ చిల్లుల్లో పిచ్చుకలు, చూరుకి కట్టిన వరికంకుల కుచ్చు మీద పిచ్చుకలు. పిచ్చుకంటే ఎలా ఉంటుందని అడుగుతున్నావా చిన్నీ? నీ గుప్పిట్లో పట్టేంత ఉంటుంది. గోధుమరంగు ఒళ్ళు, మగదానికి గొంతు కింద నల్లమచ్చ. నేలమీద నడవదు, గెంతుతుంది. ఒక్కక్షణం కుదురుగా ఉండదు, అచ్చం నీలాగే.

పొద్దున్నే పేరిందేవమ్మ అరుగుమీద చేట పెట్టుకుని కూర్చునేది. నూకలు విసిరేది. పిచ్చుకలు వచ్చి వాలగానే కోడలి మీద చాడీలు మొదలు. నిన్న పప్పులో ఉప్పెక్కువేసిందనీ, సముద్రం పక్క ఊరి పిల్లని చేసుకుంటే ఇంతేననీ, చీపురు పట్టుకుంటే నేల ఊడుస్తుందో నేలకి చక్కిలిగింతలు పెడుతుందో తెలియదనీ. పిచ్చుకలు కిచకిచమనేవి. చూశావా, అవి కూడా ఒప్పుకున్నాయి అనేది పేరిందేవమ్మ. లోపల సూరాంబ అంతా వింటూ, రోట్లో మిరపకాయల్ని మరో నాలుగు పోట్లు గట్టిగా పొడిచేది.

ఇలా ఉండగా ఒకరోజు రాజుగారు ఊరేగింపుగా వస్తున్నారు. ఎవరి పెరట్లోంచో చిక్కుడు తీగ గోడదాటి వీధిలోకి వేలాడుతోంది. చిక్కుడు పాదంటే పేనుబంక పట్టకుండా ఉంటుందా? ఆ నల్లటి పురుగులు, వాటితోపాటు ఒక పచ్చపురుగు, రాజుగారి పట్టు ఉత్తరీయం మీద రాలాయి. రాజుగారికి ఒళ్ళంతా జలదరించింది. మర్నాడే దండోరా. పట్నంలో ఎక్కడా పురుగన్నది కనబడకూడదు.

పురుగు పోవాలంటే తీగ పోవాలి. తీగ పోవాలంటే పందిరి పోవాలి. పందిరి పోయాక పెరడెందుకని పెరట్లో రాళ్ళు పరిచారు. రాళ్ళు పరిచాక గోడ బాగోలేదని గోడకి గచ్చు మెత్తారు. గచ్చు మెత్తుతూ చిల్లులన్నీ పూడ్చేశారు. పెంకులు దించి మిద్దెలు వేశారు, డబ్బున్నవాళ్ళు మిద్దెమీద మేడలు కట్టారు. బజార్లో వడ్లు నేలమీద చిందకూడదని కొట్లకి తలుపులు పెట్టారు. పట్నం అద్దంలా మెరిసిపోయింది.

మరి పిచ్చుకలో? అవి ఒకనాడు మూటాముల్లె సర్దుకుని పోలేదు. ఇవాళ గోడమీద నాలుగు తగ్గాయి, ఇంకోనాడు చూరుకింద రెండు తగ్గాయి. ఎప్పుడు పూర్తిగా పోయాయో పట్నంలో ఎవరికీ తెలియలేదు. చూపులేని పేరిందేవమ్మకి ఒక్కదానికే తెలిసింది.

వాటి బదులు పావురాలు వచ్చాయి. కొత్త మేడలకి రాతి చూరులున్నాయి కదా, కొండ గట్లలాగే ఉన్నాయని అక్కడ కాపురం పెట్టాయి. జనం పుణ్యం వస్తుందని కూడళ్ళలో గింజలు పోశారు. పోసినకొద్దీ పావురాలు, పావురాలు పెరిగినకొద్దీ గింజలు. పట్నంలో పక్షులు తగ్గాయని ఎవరో అంటే, మంత్రిగారు కిటికీలోంచి చూసి, తగ్గడమేమిటి, మునుపటికంటే ఎక్కువే ఉన్నాయి కదా అన్నారట.

పేరిందేవమ్మ పొద్దున్నే నూకలు విసిరితే రెక్కలు టపటపా చప్పుడయ్యేవి. చెవి ఒగ్గి వినేది. ఇవి బరువు రెక్కలు, ఇవి నావి కావు అనేది. కొన్నాళ్ళకి అరుగుమీదికి రావడమే మానేసింది. గోడవైపు తిరిగి పడుకునేది. ఉప్పు లేదనలేదు, కారం ఎక్కువైందనలేదు. అసలు మాటే లేదు. మొదట్లో సూరాంబకి హాయిగానే ఉంది. తర్వాత బెంగపట్టుకుంది. ఒకనాడు కావాలని పప్పులో రెండింతలు ఉప్పు వేసింది. అత్తగారు కిక్కురుమనకుండా తినేసి చెయ్యి కడుక్కుంది. అప్పుడు సూరాంబకి భయం వేసింది. ఈ మనిషి ఇలాగే గోడవైపు తిరిగి వెళ్ళిపోతుందని.

నిద్రపోయారా? ఊఁ, సరే.

సూరాంబ అటక మీదినుంచి ఒక పాత కుండ తీసింది. పక్కన చిల్లు పొడిచి చూరుకి వేలాడదీసింది. ఎక్కడినుంచి వచ్చాయో ఏమో, ఒక పిచ్చుకల జంట వచ్చి గడ్డిపరకలు మోసుకొచ్చింది. గుడ్లు పెట్టింది. పిల్లలయ్యాయి. సన్నగా, దారంలాంటి గొంతులు. పేరిందేవమ్మ మంచంమీద లేచి కూర్చుంది. సూరాంబ సంబరపడి మెత్తగా వండిన అన్నం, నూకలు కుండపక్కనే పెట్టింది. తల్లీ తండ్రీ ఆ మెతుకులే మోసుకెళ్ళి పిల్లల నోట్లో పెట్టాయి. కుండలో గొంతులు ఒక్కొక్కటే సన్నగిలాయి. తర్వాత వినబడలేదు. జంట కూడా ఎగిరిపోయింది. పేరిందేవమ్మ మళ్ళీ గోడవైపు తిరిగింది.

అంత తిండి పెట్టినా పిల్లలెందుకు పోయాయి? సూరాంబకి అర్థంకాలేదు. బియ్యంలో రాయి ఉందేమో అనుకుంది, నీళ్ళు ఎక్కువయ్యాయేమో అనుకుంది.

ఆ ఇంట్లో ఉయ్యాల్లో ఒక నెలలపిల్ల ఉంది, సూరాంబ కూతురే. ఒకనాడు మొగుడు అన్నం తింటూ, పిల్ల తనవైపే చూస్తోందని ముచ్చటపడి, ఒక మెతుకు దాని నోటికి అందించబోయాడు. గోడవైపు తిరిగి ఉన్న పేరిందేవమ్మ ఎలా కనిపెట్టిందో, చెయ్యిచాపి వాడి ముంజేతిమీద ఒక్కటి వేసింది.

“అన్నప్రాసన కాని పిల్లకి మెతుకేమిట్రా? దాని కడుపుకి పాలే గతి.”

ఎన్నాళ్ళకో పేరిందేవమ్మ నోట వినబడ్డ మాట అది. మొగుడు చెయ్యి రుద్దుకున్నాడు. సూరాంబ చేతిలో గరిట అలాగే ఉండిపోయింది.

మరి పక్షి పిల్లలకి పాలెక్కడివా అని, మర్నాడు మేడల కింద నిలబడి పావురాలని చూసింది. పావురం పిల్ల తన ముక్కుని తల్లి గొంతులోకి దూరుస్తోంది. తల్లి గొంతుతిత్తిలో పాలలాంటిదేదో ఊరుతుంది, తండ్రికీ ఊరుతుంది. గింజ తిన్నా పాలిస్తుంది. పిచ్చుకకి ఆ గొంతుపాలు లేవే, మరి దాని పాలేమిటి? అప్పుడు పుట్టింట్లో పెరడు గుర్తుకొచ్చింది. చిక్కుడు పందిరి నిండా పిచ్చుకలు తలకిందులుగా వేలాడుతూ, పేనుబంకని, పచ్చపురుగుల్ని ముక్కుతో ఏరుకుని చూరులోని పిల్లల దగ్గరికి ఎగిరిపోవడం.

ఇంటికొచ్చి పెరట్లో ఒక రాయి ఊడదీసి చిక్కుడు గింజ పెట్టింది. తీగ గోడెక్కింది, పూత పూసింది, పేనుబంక పట్టింది. సూరాంబ ఆ పురుగుల్ని చూసి, కాపు చూసి మురిసినట్టు మురిసింది. ఈలోగా తలారి చూశాడు. కొడవలితో తీగని మొదలంటా కోసేసి, ఆవిడని రాజుగారి దగ్గరికి నడవమన్నాడు. ఎండ మండిపోతోంది. సూరాంబ వెళ్తూ వెళ్తూ గిన్నెడు అన్నం కొంగుచాటున పెట్టుకుంది.

సభలో రాజుగారు, పక్కన రాణిగారు, రాణిగారి పక్కన బంగారు ఉయ్యాల్లో పసివాడు. ఏం చెప్పుకుంటావని రాజుగారు అడిగారు. చెప్పుకునేదేమీ లేదు, బాబుని ఒక్కసారి చూస్తానంది. చూడమన్నారు. సూరాంబ ఉయ్యాల దగ్గరికెళ్ళి, గిన్నెలోంచి ముద్ద తీసి బాబు నోటి దగ్గరికి తీసుకెళ్ళింది. రాణిగారు గబుక్కున చెయ్యి పట్టేసుకున్నారు. అన్నప్రాసనైనా కాని బిడ్డకి అన్నం పెడతావా, నీకు పిల్లలు లేరా అన్నారు.

సూరాంబ ముద్ద గిన్నెలో పెట్టేసింది.

“నిజమే తల్లీ. మీ బిడ్డకి మీ పాలున్నాయి. పావురం పిల్లకి తల్లి గొంతులో పాలున్నాయి. పిచ్చుక పిల్లకి పురుగే పాలు. అది లేకుండా చేసి, మనం మెతుకులు పెట్టాం. నేనూ పెట్టాను.”

రాజుగారు, మరి నా ఉత్తరీయం మీద పడితేనో అని గొణిగారు. ఉతికితే పోతుంది అన్నారు రాణిగారు.

అంతే, మళ్ళీ దండోరా. ఇంటికో తీగ ఉండాలి, గోడకో చిల్లు ఉండాలి. కూడళ్ళలో గింజలు పోయడం తగ్గించారు, పావురాలు కొన్ని కొండలకి పోయాయి, కొన్ని ఉన్నాయి. వాటి తప్పేముందమ్మా, పెట్టింది తిన్నాయి.

రాజు ఆజ్ఞాపిస్తే పిచ్చుకలు వచ్చేస్తాయా? రాలేదు. పందిళ్ళు లేచాయి, రాలేదు. పూత వచ్చింది, రాలేదు. వానలు వచ్చి వెళ్ళిపోయాయి. సూరాంబ రోజూ పొద్దున్నే అత్తగారి చెయ్యి పట్టుకుని అరుగుమీద కూర్చోబెట్టేది, ఇద్దరూ ఊరికే చెవులొగ్గి కూర్చునేవారు. చాలాసేపు. సూరాంబకి లోపల ఎంత పనున్నా.

ఒక పొద్దున సూరాంబ లోపల పాలు కాస్తోంది. అరుగుమీదినుంచి మాట వినబడింది.

“వచ్చారా తల్లులూ? ఇన్నాళ్ళూ ఎక్కడ తిరిగారే? మీకు చెప్పుకోవలసినవి బోలెడున్నాయి. మా సూరాంబ ఉంది చూశారూ, మీకోసం రాజుగారి ముందుకెళ్ళి నిలబడింది. బుద్ధిలేని మనిషి, అంత ఎండలో నెత్తిన కొంగైనా కప్పుకోలేదు.”

కిచకిచమని జవాబు. సూరాంబ తలుపుచాటున నిలబడి, చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. లోపల పాలు పొంగిపోయాయి. ఆ వాసన పట్టేసి పేరిందేవమ్మ ఇంకో రెండు మాటలు తిట్టింది. అవి కూడా పూర్తిగా విన్నాకే సూరాంబ పొయ్యి దగ్గరికి కదిలింది.

అందుకని, ఎవరికైనా పెట్టేటప్పుడు మనకున్నదేమిటని కాదర్రా, వాళ్ళు తినేదేమిటని చూడాలి. మన బాల్కనీలోనా? ఏమో చిన్నీ. ఒక చిక్కుడు గింజ పెట్టి చూద్దాం. పురుగు పడితే మీ అమ్మ అరవకుండా నువ్వు చెప్పాలి.

కథ కంచి దారి పట్టింది. మనం నిద్ర దారి పడదాం.