పన్నెండు ఖాళీ కుర్చీలు

అమెరికాలోని ఒహాయోలో, కొలంబస్ ఊరి చివర ఉన్న ఒక బడిలో ఐదో తరగతి చదివే శర్వాణికి, లోకమంతా పనిమానుకుని తనమీదే కుట్ర పన్నుతోందని అనుమానం.

అనుమానమంటే అలాంటిలాంటి అనుమానం కాదు. ఎండలో నడుస్తూ తన నీడని, "ఏయ్, నా వెనకే ఎందుకొస్తున్నావ్?" అని నిలదీసేది. వాళ్ళమ్మ ఇడ్లీ పెడితే, తమ్ముడి ఇడ్లీకంటే తనది ఆవగింజంత చిన్నదేమోనని దారం పెట్టి కొలిచేది. పాలగ్లాసు ఇస్తే పిల్లి మూతి పెట్టిందేమోనని వాసన చూసేది. వాళ్ళ వీధి మొత్తంమీద భూతద్దం పెట్టి వెతికినా పిల్లి లేదు!

ఆ నెల కార్వర్ టీచర్ పిల్లలకి అమెరికా చరిత్ర చెబుతుండేది. "శుక్రవారం సాయంత్రం మీ అమ్మానాన్నలు వస్తారు. ఒక్కొక్కరూ చరిత్రలోంచి ఒక ఘట్టాన్ని బొమ్మగా కట్టి పెట్టండి" అంది.

శర్వాణి బోస్టన్ రేవులోని ఓడని కట్టింది. ఇంగ్లండు వాళ్ళు వేసిన పన్ను మీద కోపంతో, వెనకటికి అక్కడి జనం టీ పెట్టెల్ని సముద్రంలోకి విసిరేశారే, ఆ ఓడ. దానికోసం ఊళ్ళో ఉన్న ఐసు పుల్లలన్నీ ఖర్చయిపోయాయి. తెరచాపలకి వాళ్ళ నాన్న పెళ్ళి పంచె చిరిగింది. పెట్టెల్లో నిజం టీపొడి పోసిందేమో, ఇంటిల్లిపాదీ టీ అన్న మాటే మరిచిపోయారు. కింద అట్టమీద నీలం రంగు అరంగుళం మందాన పులిమి సముద్రం చేసింది. ఆ ఓడ ఎంత బాగా కుదిరిందంటే, కాస్త గాలి వీస్తే తరగతినంతా ఎక్కించుకుని బోస్టన్ వెళ్ళిపోయేదే.

సోమవారం సాయంత్రం, రంగు ఆరకముందే ఓడని తరగతిలో పెట్టి ఇంటికెళ్ళింది. మంగళవారం వచ్చి చూస్తే ఓడ ముక్కలై పడుంది. పక్కనే, అదే తరగతిలో చదివే ఓవెన్ ఫుట్‌బాల్. దానిమీద అరచేతి వెడల్పున నీలం మరక.

"టీచర్! ఓవెనే పగలగొట్టాడు! వాణ్ణి శిక్షించండి!" శర్వాణి వేసిన కేకకి పక్క ఊళ్ళో కుక్కలు లేచాయి.

"నేనేం చెయ్యలేదు" అన్నాడు ఓవెన్, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"మనం నిన్న ఏం చదివాం?" అంది కార్వర్ టీచర్. "ఈ దేశంలో ఒకరు తప్పు చేశారనాలంటే, మామూలు మనుషులు పన్నెండు మంది కూర్చుని విని చెప్పాలి. అదే జ్యూరీ. మన తరగతిలోనే కోర్టు పెడదాం. శర్వాణి గెలిస్తే, ఓవెన్ రోజూ సాయంత్రం ఉండి ఓడని తిరిగి కట్టించాలి. శుక్రవారానికి బల్లమీద ఉంటుంది. ఓడితే, ఆ ముక్కలు ఇంటికి తీసుకుపోవడమే."

శర్వాణి ఎగిరి గంతేసింది. ఒంటి చేత్తో ఆ ఓడ మూడు రోజుల్లో అయ్యేది కాదు మరి.

టీచర్ పన్నెండు కుర్చీలు వేయించి పిల్లల్ని కూర్చోబెట్టింది. "ముందు ఒక పద్ధతి ఉంది. వీళ్ళలో ఎవరైనా ఒకవైపే మొగ్గుతారని అనుమానం ఉంటే, వద్దని చెప్పొచ్చు. అసలు కోర్టులో దానికి హద్దులుంటాయి. ఇక్కడ మీ బుద్ధే హద్దు."

"నాకెవరైనా ఒకటే" అన్నాడు ఓవెన్.

శర్వాణి మొదటి కుర్చీ ముందు ఆగింది. "వీడు వద్దు. ఓవెన్‌తో బంతాడతాడు."

అది న్యాయమే. వాడు లేచి వెళ్ళాడు. ఇంకొకడు వచ్చి కూర్చున్నాడు.

"ఈ అమ్మాయి వద్దు. బస్సులో ఓవెన్ పక్కన కూర్చుంటుంది. వీడు నన్ను చూసి నవ్వాడు, వద్దు. ఈమె అసలు నవ్వనేలేదు, లోపల ఏదో పెట్టుకుంది. వాడు తుమ్మాడు, అది ఓవెన్‌కి సైగ!"

"నీ ఓడ చాలా బాగుండేది" అంది ఒక పిల్ల పాపం.

"చూశారా, ఎలా కాకా పడుతోందో! వద్దు."

ఆఖరికి లాస్య మిగిలింది. ఇద్దరూ ఉయ్యాలనాటి నుంచి స్నేహితులు.

"ఏమే, నన్నూ లెమ్మంటావా? మొన్న మీ ఇంట్లో గారెలు తిన్నదాన్నే నేను!" అంది లాస్య.

"అందుకే లెమ్మంటున్నా. నా మనిషివి కాదని చూపించుకోడానికి, కావాలనే వాడి వైపు చెప్తావు."

"నీకో దణ్ణమే తల్లీ" అని లాస్య లేచి వెళ్ళిపోయింది.

తరగతిలో పిల్లలంతా అయిపోయారు. గోడమీద పటంలో ఉన్న పెద్దమనిషిని కూర్చోబెడదామన్నా, ఆయన ఓవెన్ వంక ప్రేమగా చూస్తున్నాడంది శర్వాణి. పన్నెండు కుర్చీలూ ఖాళీ.

కార్వర్ టీచర్ బల్లమీద చేత్తో కొట్టింది. "వినేవాళ్ళు లేరు, తీర్పు చెప్పేవాళ్ళు లేరు. కేసు కొట్టేశాను."

"అదేమిటి టీచర్! బంతిమీద నీలం మరక ఉంది! ఇదిగో!"

"ఎవరికి చూపిస్తావమ్మా?"

శర్వాణి బంతి పట్టుకుని కుర్చీల వంక తిరిగింది. కుర్చీలు పలకలేదు. పరుగున వరండాలోకి వెళ్ళి లాస్య చెయ్యి పట్టుకుంది. "నువ్వయినా చూడవే!"

"ఎప్పుడో చూశాం. మరక గుడ్డివాడికి కూడా కనిపిస్తోంది" అంది లాస్య. "అందరం నీ వైపే చెప్దామనుకున్నాం. వాడితో బంతాడేవాడు కూడా. ఒక్కళ్ళనైనా కూర్చోనిస్తే కదా!"

నిజం చెప్పాలంటే, ఓడని పగలగొట్టింది ఓవెనే.

శుక్రవారం సాయంత్రం బడి కిటకిటలాడింది. ఓవెన్ తను కట్టిన కోట బొమ్మ పక్కన చొక్కా గుండీలు తెగేలా ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. వచ్చినవాళ్ళంతా వాడి భుజం తట్టారు. శర్వాణి ఐసు పుల్లల సంచీ ఒళ్ళో పెట్టుకుని గోడవారగా కూర్చుంది. వాళ్ళ నాన్న, "నీ ఓడేదమ్మా?" అని అడిగాడు. ఓవెన్ పగలగొట్టాడని చెప్పబోయి, ఈయనైనా నమ్ముతాడా అని ఆయన ముఖంలోకి అనుమానంగా చూసి ఊరుకుంది.

నీతి: ఎవరినీ నమ్మనివాళ్ళ చేతిలో నిజమే ఉన్నా, దాన్ని వినడానికి మనిషి మిగలడు.