వన్స్ మోర్ బటన్

పెన్న ఒడ్డున చెంచయ్య స్వామి ఆశ్రమంలో శిష్యుడు మురహరికి ఒకటే బెంగ. ఎంత సేవ చేసినా స్వామి నోటి నుంచి ఒక్క 'శభాష్' రాలేదు. కంప్యూటర్ల ఉద్యోగం వదులుకుని వచ్చినవాడు, మెచ్చుకోలు మీద ఆశ మాత్రం వదులుకోలేకపోయాడు.

అక్కడ వంట చూసే రవణమ్మకు పద్యనాటకాలంటే ప్రాణం. చుట్టుపక్కల ఏ తిరునాళ్లలో నాటకం ఆడినా ముందు వరసలో చాప ఆమెదే. మోకాళ్లు అరిగిపోయాక ఆ వైభోగం ముగిసింది. పొయ్యి దగ్గర కూర్చుని తనలో తనే రాగాలు తీసుకునేది.

అది విని స్వామి మురహరిని పిలిచాడు. "ఆమె పోలేకపోతే నాటకాన్నే ఇక్కడికి తెప్పించు."

మురహరి పొంగిపోయాడు. భోజనశాల గోడకు పెద్ద టీవీ బిగించాడు. దాని వెనక అరచేతిలో పట్టేంత కంప్యూటర్, నాలుగు మూలలా స్పీకర్లు. నెట్ నుంచి వచ్చే నాటకాలు, భజనలు, ప్రవచనాలు, వాతావరణం, చివరికి పెన్నలో నీటిమట్టం కూడా తెరమీద బారులు తీరాయి. ఎవరూ చెడగొట్టకుండా పాస్‌వర్డ్ పెట్టాడు. కీబోర్డు, మౌసు, రెండు రిమోట్లు ఒక పళ్లెంలో పెళ్లి తాంబూలంలా సర్దాడు.

మొదటి సాయంత్రం హార్మోనియం మోగగానే రవణమ్మ కళ్లు తుడుచుకుంది. పద్యం ముగియగానే "వన్స్ మోర్!" అని అరిచింది. తిరునాళ్లలో అయితే నటుడు దండం పెట్టి ఆ పద్యాన్నే మళ్లీ ఎత్తుకుంటాడు. తెరమీది రాజు మాత్రం వినిపించుకోకుండా తన దారిన తను పోయాడు. ఆమె ముఖం చిన్నబోయింది.

"అది రికార్డింగు అవ్వా, మనం అరిస్తే ఆగదు" అని నవ్వాడు మురహరి.

ఇక రోజూ సాయంత్రం ఆమె పిలుపే. "మురహరీ, రా అబ్బయా, కొంచెం పెట్టిపో." ఆ పిలుపు అతనికి పాయసం తాగినట్టుండేది.

"నేను లేకపోతే ఒక్క బొమ్మ కూడా పడదు స్వామీ" అన్నాడు ఒకనాడు.

స్వామి చేతికర్ర అందుకున్నాడు. "ఏటిదాకా పోయొద్దాం రా."

తిరిగి వచ్చేసరికి పొద్దు గుంకుతోంది. రవణమ్మ రిమోట్ల పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చునుంది. తెర నిండా నీలం రంగు, మధ్యలో పాస్‌వర్డ్ అడిగే గడి.

"ఏది నొక్కినా ఇదే వస్తా ఉంది సామీ. నేనే చెడగొట్టానేమో" అంది భయపడుతూ.

మురహరి ముందుకు ఉరకబోయాడు. స్వామి కర్ర అడ్డం పెట్టాడు. తను వెళ్లి ఆమె పక్కన చాపమీద కూర్చున్నాడు. ఉత్తరీయం సర్దుకుని, ఆ నీలం తెరను నాటకం చూస్తున్నట్టే చూడసాగాడు. మధ్యమధ్య తల కూడా ఊపాడు.

మురహరి ఉండబట్టలేకపోయాడు. "ఏం చూస్తున్నారు స్వామీ?"

"నిన్నే నాయనా. తెర నిండా నువ్వే ఉన్నావు గదా."

మురహరి చెవులు వేడెక్కాయి. ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాడే టీవీ వెనక్కి దూరాడు. పాస్‌వర్డ్ తీసేశాడు. వాతావరణం పోయింది. నీటిమట్టం పోయింది, పెన్న కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది మరి. ముచ్చటపడి పేర్చుకున్నవన్నీ తీసేస్తుంటే పన్ను పీకించుకున్నట్టే ఉంది. ఆ తర్వాత నాటకాలన్నీ కూర్చుని విని, ప్రతి పద్యం మొదట్లో ఒక గుర్తు పెట్టాడు. చివరికి ఒకే రిమోట్ మిగిలింది. రెండు బటన్లు వదిలి మిగతావాటికి టేపు చుట్టి రవణమ్మ చేతిలో పెట్టాడు.

"పచ్చది నొక్కితే నాటకం వస్తుంది అవ్వా."

"మరి ఈ ఎర్రది?"

"నువ్వు అరిచినప్పుడు నొక్కు."

ఆ సాయంత్రం తనే చేతికర్ర తెచ్చి గురువుకు అందించాడు. "ఏటిదాకా పోయొద్దాం స్వామీ."

ఇసుకలో నడుస్తున్నాడన్న మాటే గానీ మురహరి ప్రాణమంతా భోజనశాలలోనే ఉంది. ఏమీ వినిపించడం లేదు. వెనక్కి తిరిగి చూశాడు. స్వామి నడుస్తూనే ఉన్నాడు.

అంతలో హార్మోనియం మోగింది. తబలా అందుకుంది. రాజుగారి గొంతు పెంకులు ఎగిరిపోయేలా లేచింది. రాగం సాగి సాగి ముగిసేసరికి భోజనశాల భోజనశాలంతా "వన్స్ మోర్!" అని హోరెత్తింది. అందరికంటే పైన రవణమ్మ గొంతు.

ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు.

రాజు అదే పద్యం మళ్లీ ఎత్తుకున్నాడు.

ఈలలు, చప్పట్లు, కంచాల మీద దరువులు! మురహరి ఇసుకలో చిన్నపిల్లాడిలా గంతేశాడు. "ఒక్కసారి పోయి చూసొస్తా స్వామీ!"

"నిన్నెవరైనా పిలిచారా?"

మురహరి చెవులు రిక్కించాడు. రవణమ్మ మళ్లీ "వన్స్ మోర్!" అంటోంది. రాజు మళ్లీ పాడుతున్నాడు. మురహరి పేరు ఎవరి నోటా లేదు.

"లేదు స్వామీ" అన్నాడు. నవ్వు ఆగలేదు, కళ్లలో నీళ్లూ ఆగలేదు.

"శభాష్" అన్నాడు చెంచయ్య స్వామి.