మూడు రోజుల రవ్వముద్ద

“కచేరీ ఉన్న రోజు ఒక్కటే కదా గురువుగారూ, వేసుకుంటే తప్పేంటి?”

అడగకూడదనుకుంటూనే అడిగేశాడు పైడిరాజు. బొబ్బిలిలో కచేరీ అప్పుడే అయింది. వేదిక వెనక గదిలో అప్పలాచారిగారు గోడకి చేరగిలబడి కళ్లు మూసుకున్నారు. యాభై ఏళ్లు మృదంగం వాయించిన ఆ చేతులు చాకిరీ ముగించిన మనుషుల్లా ఒళ్లో చతికిలబడి ఉన్నాయి. పొద్దున బస్సులో శిష్యుడు కునుకు తీస్తుంటే వాడి జేబులోంచి మందుబిళ్లల అట్ట జారి ఆయన పాదాల దగ్గరే పడింది. ఆయన ఏమీ అనలేదు, తీసి మళ్లీ వాడి జేబులోనే పెట్టారు. పొద్దుట్నించీ ఆ మౌనం మోయలేక ఇప్పుడు పైడిరాజే నోరు విప్పాడు.

“పెళ్లిళ్లకి గిటార్ వాయించే అతనిచ్చాడండి. వేసుకుంటే భయం పోతుంది. చెయ్యి దానంతటదే పరిగెడుతుంది. విశాఖలో నా మొదటి పెద్ద కచేరీ... అదొక్కటీ గట్టెక్కితే మానేస్తాను.”

“ఒకటేనా వేసుకునేది?”

“మొదట్లో ఒకటండి. ఇప్పుడు... రెండు.”

గురువుగారు కళ్లు తెరవకుండానే అన్నారు. “ఇవాళ ఆ ముద్ద గీకకు పైడీ. అలా వదిలెయ్.”

పైడిరాజు ఉలిక్కిపడ్డాడు. కచేరీకి ముందు బొంబాయి రవ్వ తడిపి, ముద్ద చేసి మృదంగం ఎడమ మూత నడుమ అతికిస్తారు. అదుంటేనే ఆ వైపు నించి మబ్బు ఉరిమినట్టు నాదం వస్తుంది. కచేరీ కాగానే గీకెయ్యాలి. ఆ పని అయ్యేదాకా గురువుగారు మంచినీళ్లయినా ముట్టరు. పైడిరాజు చేరిన మొదటి ఏడాది నేర్చుకున్నదల్లా ఆ గీకడమే.

“తోలు పాడైపోతుందండి!”

“ఎంచక్కా పలికింది కదా. రేపు సాలూరులో పనికొస్తుంది, ఉండనీ.”

సాలూరు చేరేసరికి ముద్ద రాయిలా బిగుసుకుంది. వేలితో కొడితే చెక్కపెట్టె మీద కొట్టినట్టుంది. “దాని మీదే తడిచేసి కొత్తది పెట్టు,” అన్నారు గురువుగారు. పెట్టాడు. పలికింది. నిన్నంత కాదు గానీ పలికింది.

మూడో రోజు పార్వతీపురం. నిన్నటి రవ్వ ఇవాళ చాల్లేదు, రెండింతలు కలపాల్సొచ్చింది. మృదంగం మీదికి చీమలు బారు కట్టాయి. పాడే ఆయన చూసి నవ్వారు. “ఏంటి ఆచారిగారూ, మృదంగానికి ఉప్మా పెడుతున్నారా?”

“ఆకలంటోందండీ. రోజురోజుకీ ఎక్కువ అడుగుతోంది,” అన్నారు గురువుగారు. ఆ మాటకి అందరూ నవ్వారు. పైడిరాజుకి నవ్వు రాలేదు. గురువుగారి ముఖం చూసే ధైర్యం లేక, తను వాయించని రోజుల్లోనూ అలవాటైపోయిన బిళ్లని ఆ రోజు వాడు వేసుకోలేదు. సాయంత్రానికి వాడి చేతివేళ్లు సన్నగా వణకసాగాయి.

కచేరీలో పాటాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశారు. మృదంగం ఒక్కటే వాయించాల్సిన వంతు వచ్చింది. కుడిచెయ్యి ముత్యాలు రాలుస్తుంటే, ఎడమ వైపు గోనెసంచి మీద గుద్దినట్టు దబ్, దబ్ అంది. ముందు వరసలో పెద్దాయనొకరు లేచారు. ఆయన వెనకే ఇంకో నలుగురు టీకి వెళ్లిపోయారు. గురువుగారు తలెత్తలేదు, లెక్క తప్పలేదు, ఆసాంతం వాయించారు. పక్కన కూర్చున్న పైడిరాజు పైపంచె నోట్లో కుక్కుకుని ఏడుపు ఆపుకున్నాడు. యాభై ఏళ్లలో ఆ చేతులకి ఇలాంటి పరాభవం జరగలేదు.

మర్నాడు పొద్దున్నే బసలో గురువుగారు చెంచా ఇచ్చారు.

“ఇప్పుడు గీకు.”

నీళ్లు చిలకరించి, నానబెట్టి, పసిబిడ్డ గాయం తుడిచినట్టు గీకాడు. అయినా ముద్దతో పాటే తోలు పొర లేచి వచ్చింది. నడుమ చిల్లు పడింది. అందులోంచి మృదంగం లోపలి చీకటి కనిపించింది.

“నేను చెప్పాను కదండీ! మొదటిరోజే గీకేసుంటే...” అని ఆగిపోయాడు పైడిరాజు.

“చెప్పావు,” అన్నారు గురువుగారు మెల్లగా.

పైడిరాజు జేబులోంచి అట్ట తీసి చిరిగిన తోలు పక్కన పెట్టాడు. కళ్లు తుడుచుకుని, “మీరు బాధపడకండి. కొత్త మూత వేయించుకొస్తానండి,” అన్నాడు.

అప్పలాచారిగారు వాడి ఎడమచెయ్యి అందుకున్నారు. అదింకా వణుకుతూనే ఉంది. అలసిన తన అరచేతిలో దాన్ని పెట్టుకుని చాలాసేపు చూశారు.

“మూతలు వేసేవాడి ఇల్లు నాకు తెలుసురా. దీనికే, ఎవరిని అడగాలో తెలీడం లేదు.”