ఉసిరి కొరికాక గుక్కెడు నీళ్ళు

వానలు వెనకపట్టి, బీళ్ళలో తుమ్మిపూలు తెల్లగా విచ్చుకున్నాయంటే ఆ అడవిలో ఒక ఆచారం మొదలవుతుంది. గడ్డి తినే జీవాలన్నీ వాగు పక్కనున్న పెద్ద ఉసిరిచెట్టు కిందికి చేరతాయి. పైనుంచి కొండముచ్చులు కొమ్మలు కుదుపుతాయి, కింద కాయలు రాలతాయి. మొదటి కాయ ఆ ఏటి వానల్లో బాగా నీరసపడ్డవాళ్ళకి. కొండముచ్చులు ఊరికే పెడతాయనుకోకండి. చిరుతపులి వాసన దుప్పుల ముక్కుకి ముందు తెలుస్తుంది, దాని కదలిక కొండముచ్చుల కంటికి ముందు కనబడుతుంది. ఆ ముక్కూ ఈ కళ్ళూ కలిసి కాపలా ఉంటేనే చెట్టు కింద అందరూ నిశ్చింతగా తింటారు.

ఆ ఏడు మొదటి కాయ చుక్కమ్మ అనే దుప్పి కూతురికి వచ్చింది. పిల్ల పేరు తుమ్మి. ముసురులో పుట్టి ముసురులోనే పెరిగింది పాపం. చిగుళ్ళు వాచి రక్తం చెమర్చేది, నాలుగడుగులేస్తే మోకాళ్ళు వణికేవి. చుక్కమ్మ నిరుటి పిల్ల ఇలాగే నీరసించి, చలికాలం రాకుండానే పోయింది. అందుకే తుమ్మి దగ్గినా ఆ తల్లి ప్రాణం గిలగిల్లాడేది.

"నమలవే అమ్మడూ," అంది కొమ్మ మీంచి కొండముచ్చుల పెద్ద కొమ్మలమ్మ.

తుమ్మి కొరికింది. మొహం అష్టవంకర్లు పోయింది. "వగరు! పులుపు! చిగుళ్ళు మంటమ్మా!" అని బావురుమంది.

"మండనీ. ఒసే చుక్కా, పిల్లని వాగు దగ్గరికి తీసుకెళ్ళి నాలుగు గుక్కలు తాగించు. నోరంతా ఎంత తియ్యగా అవుతుందో అదే చెబుతుంది. రోజుకో కాయ తింటే నెల తిరిగేసరికి చిగుళ్ళు గట్టిపడతాయి. అదిగో, సీతాఫలాలు కళ్ళు విప్పుతున్నాయి, అవి ఒంటికి కండ పట్టిస్తాయి. జామకాయ పొట్టని బాగుచేస్తుంది. వానలు ఒంట్లోంచి పట్టుకుపోయిందంతా ఈ కార్తీకమే తిరిగిస్తుందే తల్లీ. చలి ముదిరేలోపు తినాలి, అంతే."

వాగు ఎంత దూరమని? ఇరవై అడుగులు. కానీ చుక్కమ్మకి తుమ్మి ఏడుపులో నిరుటి పిల్ల ఏడుపు వినబడింది. పిల్ల నోట్లోంచి కాయ లాగి అవతల పడేసింది.

"ఏడుస్తుంటే ఎలా పెట్టను పెద్దమ్మా? కన్నదాన్ని నేను!"

"నేను కన్లేదనేగా? సరే, నీ ఇష్టం," అంది కొమ్మలమ్మ. ఆ మాట ఆవిడకి బాగానే గుచ్చుకుంది.

పొద చాటునుంచి ఇదంతా విన్నాడు నక్క సింగారయ్య. ఈయనగారు వేటాడడు. చిరుత తిని వదిలేసిందే ఈయన భోజనం. చెట్టు కింద కాపలా ఉన్నన్నాళ్ళు చిరుతకీ తిండి లేదు, ఈయనకీ లేదు. ఆకలితో పొట్ట వీపుకి అంటుకుపోయి ఉంది.

మర్నాడు చుక్కమ్మ ఒంటరిగా దొరికేదాకా ఆగి, దగ్గరికి వచ్చాడు.

"చెల్లెమ్మా, నిన్న నీ బిడ్డ ఏడుపు విని నాకు ముద్ద దిగలేదమ్మా."

"నువ్వా సింగారన్నా? దూరంగా ఉండి మాట్లాడు."

"ఉంటాలే. పిల్లని ఏడిపించేది తిండెలా అవుతుంది, నువ్వే చెప్పు. ఘాట్ రోడ్డు మలుపులో పళ్ళరసాల బండి ఉంది. చీకటి పడబోయే ముందు బండివాడు మిగిలిందంతా పారబోసి వెళ్ళిపోతాడు. మామిడి, ద్రాక్ష, ఎర్రెర్రని ఆపిల్. అంతా పంచదారలో నానిందే."

"కార్తీకంలో మామిడేంటి?"

"అదే మరి గొప్ప! ఎక్కడో చల్లటి గదుల్లో దాచి తెస్తారట. మన అడవికి కాలం వస్తేగానీ కాయదు. వాళ్ళకి కాలంతో పనేముంది?"

ఆ సాయంత్రం చుక్కమ్మ పిల్లని రోడ్డు మీదికి తీసుకెళ్ళింది. తుమ్మి పిప్పి నాకింది. ఇంకా నాకింది. మూతికి పాకం పూసుకుని, పుట్టాక మొదటిసారి ఎగిరి గంతేసింది. చుక్కమ్మకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. బిడ్డ నవ్వితే ఏ తల్లికి మాత్రం అనుమానం వస్తుంది?

ఇక రోజూ అదే వరస. ఉసిరిచెట్టు కింద చుక్కమ్మ చోటు ఖాళీ. సీతాఫలాలు పండి, రాలి, పక్షుల పాలయ్యాయి. చెట్టు కింద తిన్న పిల్లలు ఒళ్ళు నిగనిగలాడుతూ వాగు దూకుతున్నాయి. తుమ్మికి గడ్డి కూడా సయించడం మానేసింది. చిగుళ్ళు ఇంకా వాచాయి, పక్కటెముకలు లెక్కపెట్టేలా తేలాయి.

"అన్నా, పిల్ల చిక్కిపోతోంది," అంది చుక్కమ్మ ఒకనాడు.

"ఎదిగే వయసు కదమ్మా, సాగుతోంది," అన్నాడు సింగారయ్య.

కొమ్మలమ్మ పౌరుషం చంపుకుని కొమ్మకొమ్మా దూకుతూ వాళ్ళ దారికి అడ్డం వచ్చింది. "చుక్కా, నా మీద కోపం పిల్ల మీద తీర్చకే. ఆ రోడ్డు పక్కన చెట్టు లేదు, మా కళ్ళు అక్కడిదాకా రావు. ఇంకా నాలుగు కాయలు మిగిలాయి, రా."

చుక్కమ్మ తుమ్మి మోకాళ్ళవైపు చూసింది. నిజం అప్పుడు కనబడింది ఆమెకి. "రేపు తప్పకుండా తెస్తాను పెద్దమ్మా. ఇవాళొక్కరోజు. అలవాటుపడింది, ఆకలికి ఆగదు."

ఆ సాయంత్రం రోడ్డు పక్క పంచదార వాసన ఎంత ముసిరిందంటే, చిరుత వాసన చుక్కమ్మ ముక్కుకి అందనే లేదు. హెచ్చరించడానికి పైన ఎవరూ లేరు. కదలిక కనబడగానే చుక్కమ్మ ఒక్క దూకులో రోడ్డు అంచునున్న పిట్టగోడ దాటి, "దూకు తల్లీ!" అని అరిచింది.

తుమ్మి దూకబోయింది. మోకాళ్ళు మడతపడ్డాయి.

"అమ్మా, ఆగవా," అంది.

చుక్కమ్మ ఆగింది. ఆగడం తప్ప ఆమె చేయగలిగింది ఏమీ లేకపోయింది.

చిరుత వెళ్ళాక సింగారయ్య మూతి నాకుకుంటూ వచ్చాడు. చూస్తే అక్కడ ఎముక ముక్క కూడా లేదు. నెల రోజులుగా తనే కండ అరగగొట్టుకొచ్చిన పిల్లలో చిరుత వదిలేయడానికి ఏం మిగులుతుంది? ఆ తర్వాత ఒక్క దుప్పీ ఆ రోడ్డు తొక్కలేదు. చిరుత వేరే కొండకి వెళ్ళిపోయింది. సింగారయ్య చలికాలమంతా ఆ పిప్పే నాకి బతికాడు. మాఘం వచ్చేసరికి ఆయన చిగుళ్ళ నుంచి కూడా రక్తం కారుతోంది.

మళ్ళీ వానలు వెళ్ళాయి, మళ్ళీ తుమ్మిపూలు పూశాయి. ఆ పూలు కనబడినచోటల్లా చుక్కమ్మ తల తిప్పుకుని నడిచేది. ఉసిరిచెట్టు కింద మొదటి కాయ పక్కింటి దుప్పి పిల్లకి వచ్చింది. కొరకగానే అది బావురుమంది. దాని తల్లి కాయ లాగేయబోయింది.

"ఆగవే!" అంటూ చుక్కమ్మ అడ్డం వచ్చింది. "ఏడవనీ. ఇరవై అడుగులే."

పిల్లని మూతితో నెట్టుకుంటూ వాగు దాకా నడిపించింది. పిల్ల ఏడుస్తూనే వంగి నాలుగు గుక్కలు తాగి, తల ఎత్తింది.

"అత్తా! నీళ్ళు తియ్యగా ఉన్నాయి!"

చుక్కమ్మ వెనక్కి వెళ్ళి తనూ ఒక కాయ కొరికి, వచ్చి నీళ్ళు తాగింది. నిజంగానే తియ్యగా ఉన్నాయి. అక్కడే కూలబడి ఏడ్చింది. కొమ్మలమ్మ చెట్టు దిగి వచ్చి పక్కన కూర్చుంది.

పిల్ల మొహం చిట్లించిందని ఆ కాలపు కాయని అవతల పారేయకండి. నీళ్ళు తాగేదాకా ఆగండి.