ఎల్లాజీ మీటరు ముల్లు

ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట కొత్తరేవు అనే చేపలోళ్ల పేటలో ఎల్లాజీ అని ఒకాయన ఉండేవాడు, మనిషి మంచోడే గానీ తన పనికి ఎవరైనా వంక పెడితే తట్టుకోలేకపోయేవాడు.

ఆయన ఎవరినీ తిట్టేవాడు కాదు. మొహం చిన్నబుచ్చుకునేవాడు. ఆ పూట అన్నం మానేసేవాడు. అరుగు మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. అది చూడలేక జనం ఆయనకి వంక చెప్పడమే మానేశారు. ఆయన వేసిన ముడి ఊడిపోయేలా ఉన్నా బాగుందనేవారు. ఆయన అటు వెళ్లాక విప్పి మళ్లీ వేసుకునేవారు.

ఎల్లాజీ ఇంట్లో వైర్‌లెస్ సెట్టు ఉండేది. ఒడ్డు కనపడనంత దూరం పోతే ఫోన్లు పలకవు కాబట్టి బోట్లకి ఆ సెట్టే దిక్కు. పేటలో ఎత్తయిన డాబా ఆయనదే అని అందరూ కలిసి సెట్టుని ఆయన గదిలో పెట్టారు. డాబా మీద ఇనప గొట్టం నిలబెట్టి, దాని కొసన యాంటెన్నా రాడ్డు బిగించారు. రాడ్డు నుంచి నల్ల కేబులు ఒకటి గోడ వెంట దిగి సెట్టులోకి వచ్చేది. గాలి కబురు, అలల కబురు, ఎవరి భార్యకి నొప్పులొచ్చాయో ఆ కబురు, అన్నీ ఎల్లాజీయే బోట్లకి చెప్పేవాడు.

సెట్టు పక్కన చిన్న మీటరు ఉండేది. మైకు నొక్కినప్పుడు సెట్టు పంపిన జోరంతా రాడ్డు నుంచి గాల్లోకి పోవాలి. రాడ్డు పొడుగు కుదరకపోతే కొంత పోలేక కేబులు వెంటే వెనక్కొస్తుంది. ఎంత వెనక్కొచ్చిందో మీటరు ముల్లు చూపిస్తుంది. ముల్లు లేస్తే రాడ్డు కుదర్లేదని, పడుకుంటే కుదిరిందని లెక్క. ఎండాకాలంలో ఎల్లాజీ డాబా ఎక్కుతూ దిగుతూ, రాడ్డుని వేలి మందం తోస్తూ, మర బిగిస్తూ దాన్ని సరిచేశాడు. ముల్లు బాగానే దిగింది గానీ పూర్తిగా పడుకోలేదు. ఆయనకి అదొక్కటే కొరతగా ఉండేది.

వానలు మొదలయ్యాక ఒక వింత జరిగింది. ఎవరూ ముట్టుకోకుండానే ముల్లు ఇంకా దిగడం మొదలుపెట్టింది. వినాయక చవితి వచ్చేసరికి సున్నా మీద పడుకుంది. ఎల్లాజీ పొంగిపోయాడు. కొత్త చెప్పు కాలికి అలవాటైనట్టు రాడ్డు గాలికి అలవాటైందని చెప్పి, ఇంటికి వచ్చినవాళ్లందరికీ మైకు నొక్కి చూపించేవాడు.

ఆ రోజుల్లోనే ఆయన బావమరిది తాతీలు ఒక మాట అన్నాడు. తాతీలు సొంత బోటు నడిపేవాడు. భోజనానికి వచ్చి, సముద్రం మీద నీ మాట గరగరలాడుతోంది బావా అన్నాడు. నీ చెవుల్లో ఉప్పునీళ్లు పోయుంటాయి అన్నాడు ఎల్లాజీ. ఆ పైన కంచం ముందు నుంచి లేచిపోయాడు. తాతీలు నొచ్చుకున్నాడు. తను అన్నం తింటుంటే ఇంటాయన పస్తు పడుకోవడం అతనికి బాగా అనిపించలేదు. అప్పట్నుంచి తాతీలు కూడా అందరిలాగే, సెట్టులో ఏం గరగరలాడినా "సరే బావా" అనేవాడు.

కార్తీకంలో ఒకరోజు పొద్దున్నే బోట్లు వెళ్లాయి. ఎండ ఎక్కే వేళకి అధికారులు మైకు పెట్టి పేటంతా తిరిగారు. వాయుగుండం దారి మార్చుకుందని, సాయంత్రానికి గాలి పెరుగుతుందని, బోట్లన్నిటినీ వెనక్కి పిలవమని చెప్పారు. పేటలో అందరికీ గుండె జారింది. గాలి పెరిగితే మొగ దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసే ఆ ఇరుకు చోట, అలలు విరుచుకుపడతాయి. అప్పుడు లోపలికి రాబోయిన బోటు తిరగబడుతుంది.

ఎల్లాజీ వెంటనే సెట్టు ముందు కూర్చున్నాడు. గాలి వస్తోందని, అందరూ తిరిగి రమ్మని చెప్పాడు. ఒక్కో బోటూ సరే అంది. తాతీలు కూడా సరే బావా అన్నాడు.

మధ్యాహ్నానికి బోట్లు ఒక్కొక్కటే వచ్చాయి. తాతీలు బోటు రాలేదు.

ఎల్లాజీ భార్య పోలమ్మ మొగ దాకా వెళ్లి చూసి వచ్చింది. మళ్లీ వెళ్లింది. మళ్లీ వచ్చింది. తాతీలు ఆమెకి ఒక్కడే తమ్ముడు. అమ్మ పోయాక ఆమే ఎత్తుకుని పెంచింది.

"నా తమ్ముడికి సెప్పినావా లేదా?" అంది.

"సెప్పినాను. సరే అన్నాడు."

"సరే అన్నోడు రాడేటి?"

ఎల్లాజీ మళ్లీ పిలిచాడు. సెట్టులోంచి సన్నగా, ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు, సరే బావా అని వినిపించింది. వీడికి వలలో చేప తగిలి ఉంటుంది, ఆశకి పోయి రావట్లేదు అన్నాడు ఎల్లాజీ. అలా అన్నాడే గానీ ఆయన గొంతు ఆయనకే నమ్మకంగా లేదు.

పోలమ్మ ఒకటే మాట పట్టుకుంది. వాడు ఏం విన్నాడో అడగమంది. ఎల్లాజీ మీటరు వైపు వేలు చూపించాడు. ముల్లు సున్నా మీద ఉందిగా, ఇక్కడ లోపం ఏమీ లేదు అన్నాడు.

పోలమ్మ ఆయన్ని అదోలా చూసింది. "నీకు ఎదురు సెప్పినోడు ఈ పేటలో ఎవడున్నాడు? ఆ ముల్లు కూడా నీకు భయపడి పడుకుందేమో" అంది.

ఎల్లాజీ మొహం చిన్నబోయింది. ఇంకొక రోజైతే వెళ్లి అరుగు మీద పడుకునేవాడే. ఇంతలో డాబా మీద ఏదో ఫెళ్లుమంది. ఒక విసురు గాలి కొట్టింది. యాంటెన్నా రాడ్డు గొట్టం నుంచి ఊడి, దొర్లుకుంటూ వచ్చి వాకిట్లో పడింది. కేబులు కొస పైనుంచి తాడులా వేలాడింది.

ఎల్లాజీ కంగారులో, రాడ్డు లేదని తెలిసి కూడా, అలవాటుగా మైకు నొక్కాడు.

ముల్లు కదల్లేదు. సున్నా మీదే పడుకుని ఉంది.

ఎల్లాజీ రాడ్డు వైపు చూశాడు. ముల్లు వైపు చూశాడు. మళ్లీ నొక్కాడు. రాడ్డే లేనప్పుడు పంపిందంతా వెనక్కి రావాలి. ముల్లు లేచి అటు కొసకి కొట్టుకోవాలి. ఏమీ వెనక్కి రావట్లేదంటే, ఏమీ కొస దాకా పోవట్లేదన్న మాట. దారిలోనే ఎక్కడో అంతా ఇంకిపోతోంది.

ఇన్నాళ్లూ ఆ ముల్లు పడుకున్నది అందుకేనని ఆయనకి అప్పుడు తెలిసింది.

ఆయన పరుగున వీధిలోకి వెళ్లాడు. ఏటి ఒడ్డున, వేట నుంచి తిరిగొచ్చిన గవరయ్య తన బోటు కట్టుకుంటున్నాడు. ఎల్లాజీ ఆయన ముందు నిలబడి, జీవితంలో ఎవరినీ అడగని మాట అడిగాడు.

"గవరయ్యా, సముద్రంలో నా మాట మీకెలాగ ఇనపడతంది?"

గవరయ్య తాడు ముడి వేయడం ఆపాడు. "నిజం సెప్పమంటావా?" అన్నాడు.

"సెప్పు."

"ఎండు తాటాకు గాలికి కొట్టుకున్నట్టుంటది. ఏదో అంటన్నావని తెలుస్తది గానీ ఏటంటన్నావో తెలీదు. ఇయ్యాల మేం మబ్బు సూసుకుని ఒచ్చినాం."

"మరి సరే అంటారు కదా?"

"నువ్వు బాధపడతావని" అన్నాడు గవరయ్య.

ఎల్లాజీ సముద్రం వైపు చూశాడు. తాతీలు పొద్దున్నుంచీ సరే అన్నది దేనికో, అతనికే తెలియదన్న మాట.

గవరయ్య తన బోటు సెట్టులో పిలిచి చూశాడు. బోటు రాడ్డు పొట్టిది, ఇసుక దిబ్బ అడ్డం, అంత దూరం అందలేదు. మాట పోవాలంటే డాబా ఎత్తే కావాలి. గవరయ్య తన బోటులో ఉన్న చిన్న కేబులు ఊడదీసి ఇచ్చాడు. అది డాబా మీద నుంచి గదిలోకి రాదు కాబట్టి సెట్టునీ బ్యాటరీనీ మీటరునీ డాబా మీదకే మోశారు. పాత కేబులుని పక్కకి లాగితే దాని కొస నుంచి మురికినీళ్లు కారాయి. లోపల రాగి పచ్చగా పొడైపోయి ఉంది. రాడ్డుకి కలిపిన చోట చుట్టిన టేపు ఎప్పుడో విడిపోయి, వాననీరు, ఉప్పుగాలి లోపలికి దిగాయి.

రాడ్డుని మళ్లీ గొట్టానికి బిగించారు. కింద పడినప్పుడు అది వంగింది, జరిగింది. ఎల్లాజీ పోలమ్మని మీటరు దగ్గర కూర్చోబెట్టాడు. తను గొట్టం పట్టుకుని నిలబడ్డాడు. గాలికి ఆయన పంచె రెపరెపలాడుతోంది. దక్షిణాన ఒడ్డు వెంట సరుగుడు చెట్లు వంగిపోతున్నాయి.

ఆయన రాడ్డు జరిపి దూరంగా తప్పుకున్నాడు. పోలమ్మ మైకు నొక్కింది.

"కుదిరిందా?"

"లేదు. పైనే ఉంది."

ఆయన కొంచెం తోశాడు.

"ఇప్పుడు?"

"ఇంకా లేసింది. అటు కాదు."

ఆయన బయటికి లాగాడు. ఆమె కాదంది. ఇంకొంచెం లాగాడు. ఇంకా కాదంది. ఏళ్ల తరబడి ఒక్కసారి కాదంటే అన్నం మానేసిన మనిషి, ఆ గాలిలో నిలబడి, ఆమె కాదన్నప్పుడల్లా చెయ్యి దించి మళ్లీ మొదలుపెట్టాడు. చివరికి, దిగింది, పూర్తిగా పడుకోలేదు గానీ బాగా దిగింది అంది పోలమ్మ.

ఎల్లాజీ మైకు అందుకున్నాడు. "తాతీలూ, నేను ఎల్లాజీని. ఇనపడతంద్రా?"

కాసేపు గరగర. తర్వాత మాట వచ్చింది. "బావా? ఏటిది, పక్కన కూకున్నట్టున్నావు?"

పోలమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గాలి ఒస్తంది. వల వదిలీసి ఒచ్చీయండి. నేనేటన్నానో తిరిగి సెప్పు" అన్నాడు ఎల్లాజీ.

తాతీలు గొంతు మారిపోయింది. "గాలి ఒస్తంది, వల వదిలీసి రమ్మన్నావు. ఇందాకట్నుంచీ ఇదేనా బావా సెబుతున్నావు?"

"ఇదేరా" అన్నాడు ఎల్లాజీ.

తాతీలు, అతని బోటులోని మనుషులు వల కోసి వదిలేసి బయల్దేరారు. కానీ ఎండ ఎక్కే వేళకే బయల్దేరాల్సిన బోటు అది. కనుచూపు మేరకి వచ్చేసరికి మొగ దగ్గర అలలు తెల్లగా విరుగుతున్నాయి. ఎల్లాజీకి డాబా మీద నుంచి మొగ కనపడుతోంది. లోపలికి రావొద్దని, దక్షిణంగా పోయి ఇసుక మీదకి ఎక్కించమని చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ తాతీలు చేత తిరిగి చెప్పించుకున్నాడు. పేటంతా సరుగుడు తోట వైపు పరిగెత్తింది. పోలమ్మ అందరికంటే ముందు పరిగెత్తింది. ఎల్లాజీ సెట్టు వదిలి వెళ్లలేక డాబా మీదే ఉండిపోయాడు. బోటు మబ్బులో కలిసిపోయాక దాని నుంచి మాట రావడం కూడా ఆగిపోయింది. ఏం జరిగిందో చెప్పేవాళ్లు లేక ఆయన గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

దీపాలు పెట్టే వేళకి వాళ్లు వచ్చారు. మనుషులందరూ ఉన్నారు. బోటు ఇసుకకి కొట్టుకుని నిలువునా చీలిపోయింది. తాతీలుకి భుజం ఊడింది. ఆ వేట కాలం అంతా అతను వేరేవాళ్ల బోటులో కూలికి వెళ్లాల్సి వచ్చింది.

ఎల్లాజీ అతని పక్కన కూర్చున్నాడు. తాతీలే ముందు మాట్లాడాడు. వినపడకుండా సరే అనడం నాదీ తప్పే బావా అన్నాడు.

"నీ సేత అలా అనిపించింది నేనే కదరా" అన్నాడు ఎల్లాజీ.

ఆ తర్వాత ఎల్లాజీ ప్రతి రోజూ ప్రతి బోటునీ, నా మాట ఎలా వినపడుతోంది అని అడిగేవాడు. బాగోలేదు అంటే ఆయన మొహం ఇప్పటికీ కొంచెం చిన్నబోయేది. కానీ అన్నం మానేవాడు కాదు, చేతిలో పానా పట్టుకుని డాబా ఎక్కేవాడు.

ఎదురు మాట రాలేదంటే మన మాట చేరిందని కాదు. వంక చెప్పేవాళ్ల నోరు మనమే మూయించుకుంటే, ఆపద వచ్చిన రోజున మన మాట వినాల్సినవాళ్లకి వినపడదు.